యంత్రాల కథలు: ముసలి లారీకి కొత్త ఊపిరి



కట్టెల పొయ్యి మీద వంట చేస్తూ ఉంటే మీరెప్పుడైనా చూశారా? ఒక్కొక్కప్పుడు పొయ్యినిండా కట్టెలుంటాయి, కాని మంట రాదు. కళ్ళు మండేటట్టు పొగ మాత్రం వస్తుంది. అప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది? ఇంకో కట్టె పెడుతుందా? పెట్టదు. ఊదుగొట్టం తీసుకుని, బుగ్గలు పూరించి, నాలుగుసార్లు గట్టిగా ఊదుతుంది. భగ్గున మంట లేస్తుంది. పొగ మాయమవుతుంది. కట్టెలు అవే, పొయ్యి అదే. కొత్తగా వచ్చినదల్లా గాలి ఒక్కటే!

ఈ నెల మనం చెప్పుకోబోయే కథ అంతా ఆ ఊదుగొట్టంలోనే ఉన్నది. అయితే ఇక్కడ ఊదేది అమ్మమ్మ కాదు, పొగే! పొయ్యిలోంచి బయటికిపోయే పొగ ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రం మరో చక్రాన్ని తిప్పి, ఆ రెండో చక్రం పొయ్యిలోకి గాలి ఊదితే ఎట్లా ఉంటుంది? అట్లాంటి చమత్కారమైన యంత్రం నిజంగానే ఉన్నది. దాని పేరు టర్బోచార్జరు. అందరూ ముద్దుగా టర్బో అంటారు.

దాని సంగతి తెలియాలంటే మనం ఒక ముసలి లారీతోపాటు కొండ ఎక్కాలి.

అమెరికా పడమటి భాగంలో కొలరాడో అనే రాష్ట్రం ఉన్నది. దాని ముఖ్యపట్టణం డెన్వరు. ఆ ఊరే సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున, అంటే సరిగా ఒక మైలు ఎత్తున ఉన్నది. అక్కడినుంచి రాకీ పర్వతాలలోకి పడమరగా అరవై మైళ్ళు పోతే ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. 1973లో తెరిచిన ఈ సొరంగం 11,000 అడుగులకు పైన ఉన్నది. మన తిరుమల కొండకు మూడురెట్లకు మించిన ఎత్తన్నమాట.

ఆ ప్రాంతంలో గుర్రాలను పెంచేవాళ్ళకు పికప్పు అనే చిన్న లారీలు ఉంటాయి. వాటి వెనక ట్రైలరు తగిలించి, అందులో గుర్రాలను ఎక్కించి, ఊరినుంచి ఊరికి తీసుకుపోతూ ఉంటారు. అట్లాంటి రైతు ఒకడి దగ్గర 1980ల నాటి ఫోర్డు పికప్పు ఉన్నదనుకుందాం. 1983 మోడలునుంచీ ఫోర్డు కంపెనీ తన పెద్ద పికప్పులలో, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తయారుచేసిన 6.9 లీటర్ల డీజిలు ఇంజను పెట్టి అమ్మింది. ఆ ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు. బలం సుమారు 170 అశ్వశక్తి. మంచి మొండి ఇంజను. కాని దానికి టర్బో లేదు.

చదును నేలమీద ఆ బండి గుర్రాల ట్రైలరును హాయిగా లాక్కుపోతుంది. కొండ ఎక్కటం మొదలుపెట్టేసరికి కథ మారుతుంది. పైకి పోయినకొద్దీ వేగం తగ్గిపోతుంది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ మేఘంలా లేస్తుంది. ఇంజను వేడెక్కిపోతుంది. వెనక వచ్చే బండ్లవాళ్ళు హారన్లు మోగిస్తారు. రైతు పెడలును నేలకంటా తొక్కినా లాభం ఉండదు. పైగా పొగ ఎక్కువవుతుంది!

ఎందువల్ల? కొంచెం లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

లారీ, ట్రైలరు, నాలుగు గుర్రాలు అన్నీ కలిసి 14,500 పౌన్ల బరువు అనుకుందాం. నూరడుగులు ముందుకు పోతే ఆరడుగులు పైకి లేచే రోడ్డు. గంటకు 50 మైళ్ళ వేగంతో పోవాలని రైతు కోరిక. గంటకు 50 మైళ్ళంటే సెకండుకు సుమారు 73 అడుగులు. అందులో నూటికి ఆరు చొప్పున, బండి సెకండుకు 4.4 అడుగులు పైకి లేవాలి. 550 పౌన్ల బరువును సెకండులో ఒక అడుగు ఎత్తితే అది ఒక అశ్వశక్తి. కనక 14,500ను 4.4తో హెచ్చించి, 550తో భాగించండి. ఎంత వచ్చింది? 116!

అంటే, బండిని కొండమీదికి ఎత్తటానికే 116 అశ్వశక్తులు కావాలి. ఎదురుగాలిని తోసుకుపోవటానికీ, చక్రాల రాపిడికీ అయ్యే ఖర్చు వేరే.

మరి 170 అశ్వశక్తులు ఉన్నాయి గదా, చాలవా అంటారేమో. చాలేవే! కాని ఆ 170 సముద్రమట్టం దగ్గరి లెక్క. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. సముద్రపుటొడ్డున గాలి ప్రతి చదరపుటంగుళం మీదా 14.7 పౌన్ల ఒత్తిడితో నొక్కుతుంది. 11,000 అడుగుల ఎత్తున ఆ ఒత్తిడి 9.7 పౌన్లే. మూడోవంతు గాలి పోయిందన్నమాట. గాలితోపాటు ఇంజను బలమూ పోతుంది. అక్కడ మన ముసలి ఇంజనుకు మిగిలేది సుమారు 120 అశ్వశక్తులు. బండిని ఎత్తటానికే అది కాస్తా సరిపోతుంది. ఇక ఎదురుగాలిని తొయ్యటానికి ఏం మిగిలింది? అందుకే గంటకు 50 మైళ్ళు పోవలసిన బండి 30 మైళ్ళకు దిగిపోతుంది.

ఇంజనుకు గాలి ఇంత ముఖ్యమా? ఎంత ముఖ్యమో చూడండి.

డీజిలు ఇంజనులో ప్రతి సిలిండరూ నాలుగు పనులు చేస్తుంది. పిస్టను కిందికి దిగి గాలి పీలుస్తుంది. పైకి లేచి ఆ గాలిని నొక్కుతుంది. అప్పుడు పడిన చమురు మండి పిస్టనును బలంగా కిందికి నెడుతుంది. మళ్ళీ పిస్టను పైకి వచ్చి పొగను బయటికి తోస్తుంది. పీల్చటం, నొక్కటం, మండటం, వదలటం. ఈ నాలుగూ అయ్యేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. మరి చమురు ఎట్లా అంటుకుంటుంది? గాలిని ఇరవయ్యోవంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి చమురు తుంపర్లుగా పడగానే దానంతట అదే భగ్గుమంటుంది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజనులోని కిటుకు ఇదే. ఆయన పేరే చమురుకు కూడా నిలిచిపోయింది.

6.9 లీటర్ల ఇంజను అంటే, ఎనిమిది సిలిండర్లూ కలిసి ఒక వాయికి 6.9 లీటర్ల గాలి పీల్చగలవని అర్థం. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 1,500 వాయిలు. 1,500ను 6.9తో హెచ్చిస్తే 10,350 లీటర్లు! కిరసనాయిలు పోసే పెద్ద పీపా చూశారు గదా, అందులో 200 లీటర్లు పడుతుంది. అట్లాంటి పీపాలు యాభైకి పైగా గాలిని మన ముసలి ఇంజను ఒక్క నిమిషంలో మింగాలని చూస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి వినండి. డీజిలు ఇంజనులో పెడలు తొక్కితే గాలి పెరగదు. ఇంజను ఎప్పుడూ తాను పీల్చగలిగినంత గాలీ పీలుస్తూనే ఉంటుంది. పెడలు తొక్కితే పెరిగేది చమురు. గాలికి సరిపడినంతవరకే చమురు మండుతుంది. మిగిలినది సగం కాలి, మసి అయి, నల్లటి పొగగా బయటికి పోతుంది. పొయ్యినిండా కట్టెలు కూరినా మంట రానట్టే! కొండమీద గాలి తక్కువ, రైతు తొక్కిన తొక్కుడికి చమురు ఎక్కువ. ఇంకేముంది, పొగ!

కాబట్టి ముసలి లారీకి కావలసినది ఇంకో చెంబెడు చమురు కాదు. ఊదుగొట్టం!

టర్బోచార్జరును చూస్తే రెండు నత్తగుల్లలను వీపులు ఆనించి పెట్టినట్టుంటుంది. ఒక్కొక్క గుల్లలో ఒక్కొక్క రెక్కల చక్రం. రెండు చక్రాలకూ మధ్య ఒకే ఇరుసు. ఒక గుల్లను ఇంజను పొగగొట్టానికి తగిలిస్తారు. చమురు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడోవంతు ఊరికే పొగతోపాటు బయటికి పోతూ ఉంటుంది. ఆ వేడిపొగ గుల్లలోకి దూసుకువచ్చి చక్రాన్ని గిర్రున తిప్పుతుంది. ఇరుసు ఒకటే గనక రెండో గుల్లలోని చక్రమూ తిరుగుతుంది. అది బయటిగాలిని లాగి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది.

ఆ చక్రాలు ఎంత జోరుగా తిరుగుతాయో తెలుసా? మీ ఇంటి కప్పుకు వేలాడే ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. టర్బో నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరగగలదు. అంటే మీరు "ఒకటి" అనే లోపల వెయ్యిన్నర చుట్లకు పైనే! ఇరుసుకు అంత వేగంలో లోహం లోహానికి తగిలితే క్షణంలో అరిగిపోతుంది. అందుకని ఇంజనులోని నూనెనే సన్నగొట్టం ద్వారా తెచ్చి ఇరుసు చుట్టూ నింపుతారు. ఇరుసు ఆ నూనెపొరలో తేలుతూ తిరుగుతుంది.

మరి ఇదంతా ఉత్తపుణ్యానికే వస్తుందా? పూర్తిగా కాదు. పొగకు దారిలో చక్రం అడ్డు వచ్చింది గనక ఇంజను దాన్ని కొంచెం బలంగా బయటికి తొయ్యాలి. కాని పోయేది కొద్ది, వచ్చేది ఎక్కువ. పారబోసే గంజిలో పోషణ ఉన్నదని కనిపెట్టినట్టే, పారిపోయే పొగలో బలం ఉన్నదని కనిపెట్టినవాడు తెలివైనవాడు కదూ!

ఆయన స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖి. 1905లోనే ఆయన ఈ ఊహకు పేటెంటు కోరాడు. కాని అంత వేడికీ అంత వేగానికీ తట్టుకునే లోహాలు ఆ రోజుల్లో దొరకలేదు. ఆయన ఇరవై ఏళ్ళు ఓపిక పట్టవలసివచ్చింది. చివరకు 1920లలో జర్మనీలో ప్రాయిసెన్, హన్జెస్టాట్ డాంజిగ్ అనే రెండు ప్రయాణికుల ఓడల ఇంజనులకు టర్బోలు అమర్చారు. 1,750 అశ్వశక్తుల ఇంజను 2,500 అశ్వశక్తులు ఇవ్వసాగింది!

ఇంతలో మరో చిత్రం జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు పైకి ఎగిరినకొద్దీ బలం కోల్పోతూ ఉండేవి. కారణం మీకిప్పుడు తెలుసు. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానపు ఇంజనుకు టర్బో తయారుచేశాడు. దాన్ని పరీక్షించాలంటే పలచటి గాలి కావాలి. అందుకని 1918లో ఆయన ఇంజనును ఒక లారీమీద ఎక్కించి, 14,000 అడుగులకు పైన ఉన్న పైక్స్ పీక్ శిఖరం మీదికి తీసుకుపోయాడు. ఆ శిఖరం ఎక్కడున్నదో చెప్పుకోండి? మన కథ జరిగే కొలరాడోలోనే! సముద్రమట్టం దగ్గర 350 అశ్వశక్తులిచ్చే ఆ లిబర్టీ ఇంజను, శిఖరం మీద 230 మాత్రమే ఇచ్చింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది. పోయిన బలం పోయినట్టే తిరిగివచ్చి, పైన ఆరు కలిసింది!

ఇట్లా ఓడలెక్కి, విమానాలెక్కి, చివరకు టర్బో లారీలమీదికి దిగింది. 1938లోనే స్విట్జర్లండులో సౌరర్ కంపెనీ లారీ ఇంజనుకు టర్బో పెట్టింది. 1989 మోడలునుంచీ డాడ్జి పికప్పులలో టర్బోతో కూడిన కమ్మిన్స్ డీజిలు ఇంజను వచ్చింది. దానికి ఆరే సిలిండర్లు, 5.9 లీటర్లే. అయినా బరువు లాగటంలో అది పెద్ద ఇంజనులకు తీసిపోలేదు. ఫోర్డు పికప్పులకు కూడా 1993లో కంపెనీవాళ్ళే టర్బో పెట్టిన 7.3 లీటర్ల ఇంజను వచ్చింది.

మరి అంతకుముందే బండి కొనుక్కున్న మన రైతు సంగతి? కొత్త బండి కొనాలంటే చాలా డబ్బు కావాలి. నమ్మకంగా పనిచేసిన పాతబండిని వదులుకోవటానికి మనసొప్పదు. అట్లాంటివాళ్ళ కోసమే కొన్ని కంపెనీలు టర్బో, గొట్టాలు, బోల్టులు అన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్మసాగాయి. పాత పొగగొట్టం విప్పి, కొత్త గొట్టాలు బిగించి, టర్బోను కూర్చోబెట్టి, నూనెగొట్టం తగిలిస్తే సరి. నూనె లోపలికి వచ్చే గొట్టం సన్నంగా ఉన్నా ఫరవాలేదు. తిరిగి ఇంజనులోకి పోయే గొట్టం మాత్రం లావుగా, కిందికి వాలుగా ఉండాలి. లేకపోతే నూనె నిలిచిపోయి టర్బోలోంచి కారుతుంది.

ఇప్పుడు మన లెక్క మళ్ళీ వేద్దాం. టర్బో 8 పౌన్ల ఒత్తిడి కలిపిందనుకోండి. సొరంగం దగ్గర గాలి 9.7 పౌన్లు. రెండూ కలిస్తే 17.7. సముద్రపుటొడ్డున ఉండే 14.7 కన్న 3 పౌన్లు ఎక్కువ! ముసలి లారీ కొండశిఖరం మీద ఉండి సముద్రపుటొడ్డు గాలి పీలుస్తున్నదన్నమాట.

పొగ విరిగిపోతుంది. అదే చమురు పూర్తిగా మండుతుంది. పొగ వేడి కూడా తగ్గుతుంది. చమురు పంపులో ఉండే చిన్న మరను కొంచెం తిప్పి, చమురు కాస్త పెంచితే బలం పెరుగుతుంది. గాలి ఉన్నది గనక ఆ చమురూ మండుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "ఇంకొంచెం చమురు, ఇంకొంచెం ఒత్తిడి" అంటూ ఆశకు పోతారు. మరను తిప్పటం అరనిమిషం పని. ఇంజను పాడైతే బాగుచెయ్యటం అట్లా కాదు.

పాత ఇంజను టర్బో కోసం పుట్టినది కాదు. దాని పిస్టన్లు గాలిని ఇరవయ్యోవంతుకు నొక్కేటట్టు ముందే ఏర్పాటై ఉన్నది. దానికి మరీ ఎక్కువ గాలి పోస్తే, నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడికి ఇంజను మూతను బిగించిన బోల్టులు సాగుతాయి, మధ్య ఉండే గాస్కెట్టు చిరుగుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ఇట్లాంటి ఇంజనులకు ఎనిమిది పది పౌన్ల దగ్గరే ఆగుతారు. 1993లో కంపెనీవాళ్ళు టర్బో పెట్టినప్పుడు పిస్టన్లనూ వాటి పిన్నులనూ ముందు బలంగా మార్చారు. అయినా 190 అశ్వశక్తులతోనే తృప్తిపడ్డారు. మరి తయారుచేసినవాళ్ళకు లేని ఆశ మనకెందుకు?

చమురు మరీ పెంచితే పిస్టన్లకే ముప్పు. అవి అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియం 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోతుంది. మండే వాయువు అంతకన్న ఎంతో వేడి. ప్రతి వాయికీ లోపలికి వచ్చే చల్లగాలీ, కిందినుంచి తగిలే నూనే పిస్టనును కాపాడుతూ ఉంటాయి. చమురు ఎక్కువై, కొండ ఎక్కినంతసేపూ వేడి తగ్గకపోతే ఆ కాపుదల చాలదు. పిస్టను కొసలు మైనంలా కరుగుతాయి. అందుకని టర్బో పెట్టినవాళ్ళు పొగ వేడిని చూపే గడియారం ఒకటీ, గాలి ఒత్తిడి చూపే గడియారం ఒకటీ డ్రైవరు ముందు తప్పక పెట్టించుకోవాలి. పొగ వేడి 700 డిగ్రీలకు చేరబోతున్నదంటే పెడలు వదిలి, కింది గేరులోకి దిగాలి.

ఇంజను ముందే అరిగి ఉంటే టర్బో పెట్టనే కూడదు. జబ్బుమనిషికి కావలసినది మందు గాని, నెత్తిన మరో మూట కాదు గదా!

గాలి వడపోత సంగతి కూడా మరిచిపోకూడదు. దీనికి ఒక మంచి కథ ఉన్నది. అమెరికాలో ఇండియానాపొలిస్ అనే ఊళ్ళో ఏటా 500 మైళ్ళ కారుపందెం జరుగుతుంది. 1952లో కమ్మిన్స్ కంపెనీ ఆ పందేనికి టర్బో ఉన్న డీజిలు కారు పంపింది. డీజిలు కారేమిటి, పందెమేమిటి అని నవ్వినవాళ్ళున్నారు. కాని ఫ్రెడ్ అగాబాషియన్ అనే డ్రైవరు అర్హత పరుగులో దాన్ని గంటకు 138 మైళ్ళ వేగంతో నడిపి అందరికన్న ముందు స్థానం సంపాదించాడు! పందెం మొదలయింది. మొత్తం 200 చుట్లు తిరగాలి. 71 చుట్లు అయ్యేసరికి కారు ఆగిపోయింది. ఇంజను విరిగిందా? లేదు. టర్బో గాలి పీల్చే మూతి కారు ముందుభాగాన, నేలకు దగ్గరగా ఉన్నది. పందెం బాటమీద చెదిరిపడిన టైర్ల రబ్బరు తునకలూ చెత్తా దానిలోకి పోయి, దారి మూసుకుపోయింది. అంత గొప్ప కారునూ ఆపింది గుప్పెడు చెత్త!

ఇంకొక జాగ్రత్త. కొండ ఎక్కి వచ్చిన బండిని ఆపగానే ఇంజను కట్టెయ్యకూడదు. టర్బో అప్పటికి నిప్పులా ఉంటుంది. ఇంజను ఆగితే నూనె రాక ఆగుతుంది. ఇరుసు దగ్గర మిగిలిన నూనె మాడి, మూకుడు అడుగున మాడినట్టు పెచ్చులు కడుతుంది. రెండు మూడు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. పరుగెత్తి వచ్చినవాడు ఆయాసం తీర్చుకుని కూర్చున్నట్టన్నమాట.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది. ఎక్కిన కొండ దిగాలి గదా!

సొరంగం దాటగానే పడమటివైపు రోడ్డు నూటికి ఏడడుగుల వాలున కిందికి జారుతుంది. ఎక్కేటప్పుడు బండిని ఎత్తటానికి 116 అశ్వశక్తులు కావలసివచ్చాయి. దిగేటప్పుడు అదే బరువు అంత బలంతోనూ, వాలు ఇంకా ఎక్కువ గనక అంతకు మించిన బలంతోనూ బండిని కిందికి తోస్తుంది. దాన్ని ఎవరు ఆపాలి? బ్రేకులు! టర్బో బ్రేకులకు ఏమీ సాయం చెయ్యదు. ఎక్కటం సులువైపోయింది గనక ఇంకో రెండు గుర్రాలను ఎక్కిద్దామని రైతు అనుకున్నాడో, కొంప మునుగుతుంది. పట్టి పట్టి బ్రేకులు ఎర్రగా కాగితే ఇక పట్టవు. ఆ వాలులో అట్లా అదుపు తప్పిన బండ్ల కోసమే రోడ్డు పక్కన, కొండమీదికి ఎక్కే కంకరబాటలు వేసి ఉంచారు. డ్రైవరు బండిని అందులోకి తిప్పితే చక్రాలు కంకరలో దిగబడి ఆగిపోతాయి.

కనక తయారుచేసినవాళ్ళు ఈ బండి ఇంత బరువే లాగాలని రాసి ఉంచిన అంకె, టర్బో పెట్టిన తరవాత కూడా ఆ అంకే. ట్రైలరుకు దాని బ్రేకులు దానికి ఉండాలి. కొండ దిగటం మొదలుపెట్టకముందే కింది గేరు వెయ్యాలి. టర్బో ఇచ్చేది ఊపిరి. బుద్ధి డ్రైవరే తెచ్చుకోవాలి!

మన దేశంలో టర్బోను లారీలకన్న ఎక్కువగా జనానికి వినిపించినవి రైళ్ళు. 1962నుంచీ మనకు వచ్చిన డబ్ల్యుడిఎం-2 డీజిలు ఇంజనులకు 16 సిలిండర్లు, టర్బో, 2,600 అశ్వశక్తులు. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం షెడ్లలో మకాం ఉన్న ఈ ఇంజనులు చాలా ఏళ్ళు మన గూడ్సుబండ్లనూ ఎక్స్‌ప్రెస్సులనూ లాగాయి. బరువుబండితో కదిలేటప్పుడు నల్లపొగ ఒక్కసారి గుప్పుమని, ఒక ఈల సన్నగా మొదలై హెచ్చి, అంతలోనే పొగ పలచబడటం మీ నాన్నగారో తాతగారో చూసే ఉంటారు. అడగండి. ముందు చమురు వచ్చింది, గాలి ఇంకా రాలేదు, అందుకే పొగ. టర్బో వేగం అందుకుని గాలి ఊదింది, పొగ పోయింది. ఆ ఈల టర్బో చక్రం పాడిన పాట!

చేసి చూడండి

సైకిలు పంపు తీసుకుని, దాని గొట్టం కొసను వేలితో గట్టిగా మూసి, ఇరవైసార్లు కొట్టండి. ఇప్పుడు పంపు అడుగుభాగాన్ని తాకి చూడండి. వెచ్చగా ఉన్నది కదూ? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. టర్బో నొక్కిన గాలి కూడా అంతే. వేడిగాలి ఉబ్బి పలచబడుతుంది గనక నొక్కిన లాభం కొంత పోతుంది. అందుకే కొత్త లారీలలో టర్బోకూ ఇంజనుకూ మధ్య ఆ గాలిని చల్లబరిచే పలక ఒకటి పెడతారు. దాన్ని ఇంటర్‌కూలరు అంటారు.

ఇంకొకటి. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, దాన్ని పాము చుట్టలా అంచునుంచి మధ్యదాకా కత్తిరించండి. మధ్యలో దారం కట్టి, వెలిగే దీపానికి జానెడు పైన వేలాడదియ్యండి. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి సుమా! చుట్ట దానంతట అదే తిరుగుతుంది. పైకి పోయే వేడిగాలి చక్రాన్ని తిప్పగలదని మీ కళ్ళతో మీరే చూశారు.

ఆలోచించండి

1. డెన్వరులో గాలి ఒత్తిడి సుమారు 12 పౌన్లు. అక్కడ టర్బో 8 పౌన్లు కలిపితే, సముద్రమట్టపు గాలికన్న ఎంత ఎక్కువ?

2. ఖాళీ లారీ చదును రోడ్డుమీద మెల్లగా పోతున్నది. టర్బో గడియారం ముల్లు దాదాపు సున్న దగ్గరే ఉన్నది. టర్బో పాడైందా?

జవాబులు: 1. 12, 8 కలిస్తే 20. అందులోంచి 14.7 తీస్తే 5.3 పౌన్లు ఎక్కువ. 2. పాడవలేదు. బరువు లేనప్పుడు చమురు తక్కువ, పొగ వేడీ తక్కువ. చక్రం జోరుగా తిరగదు. బరువు పడ్డప్పుడే టర్బోకు చేతినిండా పని.